పక్క వెంచరులో తద్దినం

గుంటూరు బ్రాడీపేటలో పౌరోహిత్యం చేసినవాడికి దూరమంటే ఏమిటో తెలియదు. అక్కడ లైన్లూ అడ్డరోడ్లూ ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి గనక ఓ దారి మూసుకుపోతే పక్కదాంట్లోంచి తేలొచ్చు. మా కింద వాటాలో ఉండే శేషాచలం గారు సైకిలు మీద పొద్దున ఓ ఇంట వ్రతం, మధ్యాహ్నం ఇంకో ఇంట తద్దినం చేయిస్తూ ముప్పయ్యేళ్లు గడిపేశారు.

తరవాత ఆయన పౌరోహిత్యం చేసే ఇళ్లవాళ్లంతా స్థలాలు చవకని ఊరి బయటికి తరలిపోయారు. పత్తి చేలు కాస్తా వెంచర్లయ్యాయి. ఎవడి వెంచరుకి వాడు ఆర్చీ గేటూ కట్టుకుని, పక్కవాడి గాలి సోకకుండా చుట్టూ గోడ లేపాడు. పాత డొంకదారులు ఆ గోడల కిందే పోయాయి. లోపల రోడ్లు నలభై అడుగులవే, ఏం లాభం? అన్నీ వెళ్లి గోడకే కొట్టుకుంటాయి.

రెండువేల ఏడు వేసవిలో శేషాచలం గారు ఓ వ్రతం మాట్లాడుకోవడానికి వెళ్లి ఆ ఇంటి డాబా ఎక్కితే, అవతల ఏటా తాను తద్దినం పెట్టించే సుబ్బరావమ్మ గారి ఇల్లు కనిపించింది. వ్రతం రోజే ఆవిడ భర్త తద్దినం. ఈయన సంబరపడి రెండూ ఒప్పుకున్నారు.

"పక్క వీధేనమ్మా, వ్రతం కాగానే వచ్చేస్తాను" అని ఫోన్లో చెప్పారు.

ఆ రోజు వ్రతం ముగించి ఆ వైపు వెళితే ఎదురుగా నిలువెత్తు గోడ. అవతల ఆవిడ డాబా మీద ఆరేసిన మడిబట్టలు కూడా కనిపిస్తున్నాయి.

"ఇటు దారి లేదండి పంతులుగారూ. హైవే ఎక్కి చుట్టూ తిరిగి వెళ్లాలండి" అన్నాడు వాచ్‌మన్ ఆదెయ్య.

హైవే మధ్యలో డివైడరు. చీమకుర్తి రాళ్ల లారీల పక్కన ఆ ముసలి సైకిలు, ఆ ఎండ. ఎప్పటికో చేరేసరికి సుబ్బరావమ్మ గారు గోడకి చేరగిలబడి ఉన్నారు. ఆవిడకి షుగరు, వేళకి తినకపోతే కళ్లు తిరుగుతాయి. పిండాలు పెట్టందే ఆ ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు.

"కాస్త పంచదారైనా నోట్లో వేసుకోకపోయారా అమ్మా?"

"ఇదిగో వచ్చేస్తారు కదా అని ఆగానండి."

ఆవిడ కొడుకు పీట మీద కూర్చున్నాడు. అంతా అయి, భోజనం చేశాక ఆవిడే నెమ్మదిగా అన్నారు.

"వచ్చే ఏటినుంచి ఊళ్లో సత్రంలో పెట్టించేస్తామండి. అక్కడే బ్రాహ్మలుంటారట. ఈ ఎండల్లో మీరు మాత్రం ఎంతకని తిరుగుతారు?"

ఆవిడ భర్తకి తొలి తద్దినం పెట్టించింది కూడా శేషాచలం గారే. అలాంటి ఇల్లు చేజారితే బాధ కలగాలి. ముందు మాత్రం, అమ్మయ్య అనిపించిందట. ఆ సంగతి నాతో చెబుతున్నంతసేపూ ఆయన తలెత్తలేదు.