సైదమ్మ నా బోరుకు మొక్కిన ఎండాకాలం

ఇన్నేళ్లూ ఒక మాట గుండె మీద బండలా మోశాను. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు. గుడికి పోయినా దేవుడి ముందు నిలబడి, ఏదీ అడగడానికి మొహం చెల్లక, తీర్థం పుచ్చుకుని వచ్చేసేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసిన మనిషికి చెప్పాలంటే మళ్లీ ఏదో ఒక సాకు కలుపుతాను. సాకులు వెతకడంలో నాది అందె వేసిన చేయి.

మాది రామన్నపేట దగ్గర ఒక ఊరు. నా వరి పొలానికీ సైదమ్మ బత్తాయి తోటకూ మధ్య ఒకటే గట్టు. భర్త పోయాక ఆమెకు ఆ తోటే ఆధారం. నన్ను అన్నా అని పిలిచేది, నేను చెల్లె అనేవాణ్ణి. తెలంగాణ వచ్చిన కొత్తలో వానలు మొహం చాటేసిన ఏడు, ఆమె బోరు వట్టిపోయింది. నాది పోలేదు.

సైదమ్మ రోజూ పొద్దున్నే ఆ ఎండిన బోరుకు పసుపు కుంకుమ పెట్టి, చేతులు జోడించి, తోటకు నీళ్లు కావాలని దేవుణ్ణి పైకే అడిగేది. అడిగేశాక కొంగు దోపుకుని పనిలో పడేది. నాకు నవ్వొచ్చేది. దేవుడికే పని పురమాయిస్తున్నావా అని ఆటపట్టించేవాణ్ణి. అడిగాక కూడా బెంగపడితే ఇక అడిగినట్టెలా అవుతుందని ఆమె జవాబు.

ఒకనాడు గట్టు దాకా వచ్చి నిలబడింది.

“అన్నా, నాలుగు రోజులు నీ బోరు నీళ్లు జర ఇటు ఇడువు. తోట ఎండుతాంది.”

నా వరి అప్పుడే పొట్టకొచ్చింది. నీళ్లు పంచితే ఇద్దరికీ చాలవేమోనని భయం వేసింది. ఆ భయాన్నే ఆమెతో చెప్పి ఉంటే ఇద్దరం కూర్చుని ఏదో ఒక దారి చూసేవాళ్లం. చెప్పలేదు. మడిలో నిలిచిన నీళ్లు చూపించి, అవే ఆఖరివన్నాను.

“నా బోరు గూడ వట్టిపోయింది చెల్లె.”

“అయ్యో, గట్లనా. అయితే రేపటి సంది నీ బోరుకు గూడ మొక్కుత. ఇద్దరికీ ఆయనే ఇస్తడు. ఫికర్ చెయ్యకు.”

అన్న మాట నిలబెట్టుకుంది. నా వరి ఎండకపోవడం చూసి తన మొక్కు ఫలించిందని సంబరపడింది కూడా. నీళ్లు సన్నగా వస్తున్నాయి, వరికే చాలడం లేదని మళ్లీ అబద్ధమాడాను. నీ దాకా వచ్చినవి నా దాకా రాకపోతాయా అంది. అసూయ లేదు, అనుమానం లేదు. నాకు ఆ రోజే సిగ్గు వేయాల్సింది. వేయలేదు.

సిగ్గు వేయకుండా ఒక సాకు దొరికింది. పూతకు ముందు బత్తాయి తోటకు మేమే కొన్నాళ్లు నీళ్లు ఆపుతాం. బెట్టకు వదలడం అంటాం. ఆ తర్వాత నీళ్లు పెడితే విరగపూస్తుంది. బెట్టకు ఓర్చుకునే చెట్టే కదా, ఇంకొన్నాళ్లు ఎండితే ఏమవుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. బెట్టకూ ఒక హద్దుంటుందని తెలియనివాణ్ణా? సగం చెట్లు నిలువునా ఎండిపోయాయి. ఆమె వాటిని నరికి కట్టెలు పేరుస్తుంటే, గట్టుకు ఇవతల నేను వరి కోయించుకున్నాను.

తర్వాత వానలు పడ్డాయి. దేవుడు సగం తోట మిగిల్చాడని సైదమ్మ మొక్కు చెల్లించుకుంది. నా పేరున కూడా ఒక కొబ్బరికాయ కొట్టింది. ఆ కొబ్బరి నేను తిన్నాను. ఎలా తిన్నానో ఇప్పటికీ అర్థం కాదు.

ఆమె అడిగింది దేవుణ్ణి. ఆయన ఇవ్వలేదా? ఇచ్చే ఉంటాడని ఇప్పుడనిపిస్తుంది. ఆమె నీళ్లు నా బోరులో ఉంచి, పైపు అటు తిప్పే పని మాత్రం నాకు వదిలాడేమో. అలాగైతే నేను మోసం చేసింది ఒక్క సైదమ్మనేనా?

ఈ ఏడు ఆమె ఎండిన చెట్ల జాగాలో కొత్త మొక్కలు నాటింది. ఆ వయసులో వంగి పాదులు చేస్తుంటే చూడలేకపోయాను. చాలా ఏళ్ల తర్వాత దేవుణ్ణి ఒకటి అడిగాను. నీళ్లు కాదు, చెప్పడానికి నోరు ఇవ్వమన్నాను. మొన్న నా బోరు పైపు లాక్కుంటూ గట్టు దాటాను.

“ఆ ఎండాకాలం నా బోరు వట్టిపోలేదు చెల్లె. నిండ పోసింది.”

ఆమె తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. పార పక్కన పెట్టి అడిగింది.

“మరి నీ కోసం నేను మొక్కింది ఎటు పోయినట్టు?”

కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అయినా గుండె తేలికపడింది. పైపు మొదటి పాదులో పెట్టాను. ఆమె నా వైపు చూడకుండా నిలబడింది. పాదు నిండాక పైపు తనే పట్టుకుని రెండో మొక్కకు జరిపింది.