కోటకి జేబు

మెడలో కొలతల టేపు లేకపోతే టేపు మావయ్యకి ఒంటి మీద చొక్కా లేనట్టే ఉంటుంది. అన్నం తినేటప్పుడూ తీయడు, జుట్టు కత్తిరించుకునేటప్పుడూ తీయడు. అందుకే వీధి వీధంతా అతన్ని టేపు మావయ్య అంటారు, భార్యని అత్తయ్య అంటారు. దర్జీ పనిలో దిగి ముప్ఫై నాలుగేళ్ళయింది. రెండు మిషన్లు, ఒక కటింగు బల్ల, ఒక నిలువుటద్దం పట్టేంత కొట్టు. చేతిలో పనితనం ఎక్కువ, నోట్లో మాట తక్కువ.

అతనికున్న రోగమల్లా జేబులు. ఎవరైనా పాత చొక్కా బాగుచేయమని ఇస్తే ముందు చిరుగు చూడడు, జేబులో చెయ్యి పెడతాడు. బస్సు టిక్కెట్టో, అరిగిపోయిన పెన్సిలు ముక్కో, ఎవరికో రాసి ఇవ్వని చీటీయో దొరుకుతుంది. దొంగబుద్ధి కాదు పాపం. అన్నీ ఓ రేకు డబ్బాలో వేసి బట్టతో పాటే అప్పజెప్పేస్తాడు. ఊరికే చూడాలి, అంతే. చూడకపోతే ఆ పూట సూదిలో దారం ఎక్కదు.

అలాంటి మనిషి చేతికి కంప్యూటరు ఆట దొరికితే ఇంకేముంది!

పక్క కొట్టు రిపేరమ్మాయిది. పాడైన కంప్యూటర్లు బాగుచేస్తుంది. ఓ రోజు బాగా ముసలిదైన కంప్యూటరొకటి మోసుకొచ్చి కటింగు బల్ల చివర పెట్టింది.

"మా కొట్లో కాలు పెట్టే చోటు లేదు మావయ్యా. మీ దగ్గర ఉండనీయండి. పాటలైనా వినొచ్చు."

పాటలు రాలేదు. దాన్లో ఒకే ఒక్క ఆట ఉంది. ఆటంటే రంగులూ గంతులూ అనుకునేరు, తెరంతా చీకటే. ఇనుప టోపీ పెట్టుకున్న సిపాయొకడు కాగడా పట్టుకుని పాతకాలపు కోటలోకి దిగుతాడు. కాగడా చుట్టూ పళ్ళెమంత వెలుగు. ఆ అవతల ఏముందో దేవుడికే తెలియాలి. మీట ఒకసారి నొక్కితే ఒక అడుగు పడుతుంది. ఎటు పోవాలో చెప్పేవాడు లేడు, దారి చూపే పటం లేదు. మలుపు తిరిగితే ఎముకల గూడొకటి కత్తి దూసుకుని మీదకొస్తుంది. చచ్చాడా, మళ్ళీ మొదటి గుమ్మం నుంచే. పైగా మాటలన్నీ ఇంగ్లీషు. మావయ్యకి ఇంగ్లీషులో అంకెలూ, అక్షరాలూ తప్ప రావు.

మొదటి వారంలోనే సిపాయి పదకొండుసార్లు చచ్చాడు.

"ఏవండీ, వాడికి చావడం తప్ప వేరే పనేం నేర్పలేదా?" అంది అత్తయ్య కాజాలు కుడుతూ.

"అటువైపు ఏముందో చూద్దామనే..."

"చూశారుగా. చావుంది."

మొదటి గుమ్మం దాటగానే గోడ మీద ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి. రిపేరమ్మాయి వచ్చి చదివి పెట్టింది. "అట్టడుగున, ఇనుప తలుపు వెనక, రాజు ఇంకా మేలుకునే ఉన్నాడు." అంతే, మావయ్యకి తిండి సహించలేదు. ఎన్నేళ్ళుగా మేలుకున్నాడు? ఎందుకు? దేనికోసం? వచ్చినవాళ్ళకి భుజం కొలత తీసుకుంటూ, "మీరైతే అలా చీకట్లో కూర్చుంటారా?" అని అడిగేవాడు. వాళ్ళు ఈయనకేమైందా అన్నట్టు అద్దంలోంచి అత్తయ్య వైపు చూసేవాళ్ళు. ఆవిడ కళ్ళతోనే, "ఏం చెప్పమంటారు, నా ఖర్మ" అనేది.

రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి షట్టరు సగం దించి, రెండింటిదాకా ఆడేవాడు. పటం లేకపోతేనేం, తనే గీస్తాడు! బట్ట కత్తిరించే ముందు కొలతలు గీసుకునే గోధుమరంగు కాగితం ఉందిగా. అడుగుకి ఒక అంగుళం చొప్పున ప్రతి గోడా, ప్రతి గుమ్మం సుద్దముక్కతో గీశాడు. అయితే దర్జీ చెయ్యి దర్జీ చెయ్యే. చొక్కా వీపు కత్తిరించేవాడెవడూ పూర్తి వీపు గీయడు. కాగితం మధ్యకి మడిచి సగమే గీస్తాడు. కత్తిరించి విప్పితే రెండో సగం దానంతటదే వస్తుంది. కోటలో పై అంతస్తులన్నీ కుడీ ఎడమా అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే ఉన్నాయి. ఇంకేం, మావయ్య ఎడమ సగమే తిరిగి, ఎడమ సగమే గీసి, కాగితం మడిచి పెట్టుకున్నాడు.

అలా ఏడు నెలలకి అట్టడుగుకి దిగాడు. ఇనుప తాళంచెవి కూడా సంపాదించాడు. తలుపే కనపడలేదు.

ఒక సోమవారం కంప్యూటరు లోపల్నుంచి గరగరమని చప్పుడు మొదలైంది. రిపేరమ్మాయి చెవి పెట్టి వింది.

"మావయ్యా, డిస్కు అరిగిపోయింది. గురువారం దాకా నడిస్తే మీ అదృష్టం. ఆపితే మళ్ళీ లేవదు, అలాగే ఉండనీయండి."

"కొత్త డిస్కు వేస్తే?"

"ఈ ఆట కొత్తదాంట్లోకి రాదు. కాపీ తీయబోతే ఇప్పుడే చచ్చూరుకుంటుంది."

మావయ్య మొహం ఇస్త్రీపెట్టె ఎక్కువసేపు ఆనిన చొక్కాలా అయిపోయింది. మూడు రోజులే గడువుంది. ఆ తలుపు వెనక ఎవరున్నారో ఇప్పుడు చూడకపోతే ఇక ఎప్పటికీ చూడలేడు.

మంగళవారం మడత కాగితం విప్పి చూసుకున్నాడు. ఎడమ మూల కొయ్య తలుపుంది, దాని వెనక ఏమీ లేదు. అంటే కుడి మూల ఇనుప తలుపుండి తీరాలి. కాగితాన్ని నమ్ముకుని గబగబా కుడివైపు నడిచాడు. మూల తిరిగాడు. తలుపు లేదు, గొయ్యి ఉంది. సిపాయి దభీమని అందులో పడ్డాడు. సగం ప్రాణం పోయింది. పాక్కుంటూ పైకొచ్చేసరికి మూటలో ఒక్క కాగడా మిగిలింది.

బుధవారం మావయ్య మీట ముట్టుకోలేదు. కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. కాజా కుట్టి కుట్టి కళ్ళు లాగుతున్న అత్తయ్య లేచి వచ్చి తొంగిచూసింది.

"ఇదేంటి, సగమే గీశారు?"

"రెండో సగం ఇలాగే ఉంటుంది కదే."

"ఎవరు చెప్పారు? చొక్కాకి రెండువైపులా ఒకటేనా? ఒకవైపు బొత్తాలు, ఒకవైపు కాజాలు. ఆ కాజాల వైపే నా జీవితం అయిపోయింది, నాకు తెలీదా? మరి జేబో? రెండువైపులా కుడతారా మీరు?"

మావయ్య చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"ఊళ్ళోవాళ్ళ జేబులన్నీ తడుముతారుగానీ, కోటకీ ఓ జేబుంటుందని తోచలేదా మీకు?"

"జేబు ఎడమవైపే ఉంటుందే..." అన్నాడు తనలో తనే. మెడలో టేపు తీసి కాగితం మీద పరిచాడు. ఎడమవైపు బయటి వసారా పొడవు ఇరవై రెండు అంగుళాలు. లోపలి గదులన్నీ కలిపితే పద్దెనిమిది.

"మిగతా నాలుగూ ఏమయ్యాయి?" అంది అత్తయ్య.

మావయ్య నేల చూపులు చూశాడు. "గీసేటప్పుడే చూశాను. కుట్టుకి వదిలిన గుడ్డ అనుకున్నాను."

"రాతిగోడకి కుట్టేంటండీ! మీ తెలివి తెల్లారినట్టే ఉంది."

గురువారం ఒంటిగంట కొట్టకముందే షట్టరు సగం దిగింది. ఎప్పుడూ గోడవైపు తిరిగి కూర్చునే అత్తయ్య స్టూలు లాక్కుని తెర ముందుకొచ్చింది. డిస్కు గరగర విని రిపేరమ్మాయి కూడా స్క్రూడ్రైవరు చేత్తోనే పట్టుకుని వచ్చేసింది. మావయ్య ఆఖరి కాగడా వెలిగించాడు. ఎడమ వసారా మధ్యకి నడిచి, గోడని అడుగడుగునా నెట్టాడు. మొదటిచోట కదల్లేదు. రెండోచోటా అంతే. మూడోచోట రాయి లోపలికి జరిగింది.

"జేబే!" అని అరిచింది అత్తయ్య.

లోపల ఇనుప తలుపు. తాళంచెవి తిరిగింది. చిన్న గది, ఒక కుర్చీ, కుర్చీలో తెల్లగడ్డం రాజు. కత్తి దూయలేదు, కోప్పడలేదు. తెర కింద అక్షరాలు వచ్చాయి. రిపేరమ్మాయి కూడబలుక్కుంటూ చదివింది.

"ఎవరైనా వస్తే ఒక్కమాట అడగాలని మేలుకున్నాను. బయట ఆకాశం ఇప్పుడు ఏ రంగులో ఉంది?"

కింద ఒక గీత మినుకు మినుకుమంటోంది. జవాబు మనమే కొట్టాలి. సిపాయి కాగడా కొడిగడుతోంది, డిస్కు దగ్గుతోంది.

"నీలం అని కొట్టేద్దాం మావయ్యా, తొందరగా!" అంది రిపేరమ్మాయి.

"ఆగమ్మాయ్. పాపం అన్నేళ్ళుగా చూడలేదాయన. నోటికొచ్చింది చెప్తే ఎలా?"

దారపు రీళ్ళ డబ్బా చంకన పెట్టుకుని షట్టరు కిందనుంచి వంగి వీధిలోకి వెళ్ళాడు. రీళ్ళు ఒక్కొక్కటే ఆకాశానికి పట్టి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. గుడ్డకి దారం కలిపినట్టే! సైకిలు మీద పోయేవాడొకడు ఆగి, తనూ పైకి చూశాడు.

"త్వరగా రండీ, వాడు చస్తాడు!" అని లోపల్నుంచి అత్తయ్య కేక.

ఒక రీలుతో పరుగెత్తుకొచ్చాడు. దాని చీటీ మీద ఇంగ్లీషులో రంగు పేరు 'యాష్' అని మూడక్షరాల్లో ఉంది. అది చూస్తూ ఒక్కో మీటా వెతికి వెతికి నొక్కాడు.

"బూడిదరంగు," అంది రిపేరమ్మాయి.

 తెర కింద మళ్ళీ అక్షరాలు వచ్చాయి. "అయితే వాన వస్తుంది. వాన సంగతే మర్చిపోయాను." ఆ తర్వాత రాజు కళ్ళు మూసుకున్నాడు. తెర నల్లబడింది. డిస్కు ఒక్కసారి కీచుమని ఆగిపోయింది.



"అయ్యో, నా లైనింగు గుడ్డ!" అంటూ ఉన్నట్టుండి లేచింది అత్తయ్య. పొద్దున తడిపి పెరట్లో ఆరేసింది. ఆవిడ గుడ్డ లాక్కొచ్చేలోపే చినుకులు పడ్డాయి.

కంప్యూటర్ని రిపేరమ్మాయి పట్టుకుపోయింది. పటం మటుకు మేకుకి, మిగతా కొలతల కాగితాల మధ్య వేలాడుతోంది. తొమ్మిది రోజులు ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. పదో రోజు, ఒంటిగంటప్పుడు, అత్తయ్య చేతిలో సూది ఆగింది.

"ఏవండీ... నీలం అని చెప్పుంటే ఏమనేవాడంటారు?"

మావయ్య మిషను తొక్కడం ఆపేశాడు.

"ఎరుపంటేనో?" అన్నాడు.

అత్తయ్య సూదిని చొక్కాకే గుచ్చి, పక్కగోడ మీద దబదబ బాదింది.

"ఒసే అమ్మాయ్! అలాంటి ముసలిది ఇంకోటి ఎక్కడైనా దొరుకుతుందేమో చూడవే!"