బొంబాయికి రేగోడ్ మీదుగా

పోలీసు చర్య ముగిసి బస్సులు మళ్లీ తిరుగుతున్న రోజులవి. బొంబాయిలో మా మేనత్త కూతురు సుశీలకు తొలికాన్పు. పుట్టింటికి రావలసిన పిల్ల గొడవల వల్ల అక్కడే చిక్కుకుపోయింది. కాబట్టి తల్లినే అక్కడికి పంపాలని తేలింది. అల్లుడు విమానం టికెట్ పంపాడు. బేగంపేట నుంచి బొంబాయి నాలుగు వందల మైళ్లకు కాస్త తక్కువ, మూడు గంటల ప్రయాణం. మామకు విమానం పేరు చెబితేనే భయం. అందుకని మెదక్ నుంచి అత్తను బేగంపేట చేర్చే పని నా మీద పడింది. ఒక పూటలో అయిపోతుందనుకున్నాను.

విమానం రోజు మంచిది కాదన్నాడు పంచాంగం చూసిన అయ్యగారు. సరే, మంచిరోజు చూసి పరస్థానం పెట్టారు. అంటే ప్రయాణపు మూటను ముందే మరొకరింట్లో ఉంచి, బయలుదేరినట్టే లెక్కవేసుకోవడం. మూట మనం వెళ్లే దిక్కునే ఉండాలట. బొంబాయి పడమర. పడమరన మా చుట్టాలున్నది రేగోడ్‌లో, మూట అక్కడికి చేరింది. హైదరాబాద్ ఉన్నదేమో పూర్తిగా వేరే దిక్కున. మూటలో ఉన్నది బాలింతకు పెట్టే కాయం. అది లేకుండా అత్త కదలదు.

"అత్తా, విమానం రేగోడ్‌ల ఆగది," అన్నాను.

"ఆగకుంటే మనమే పోదాం తియ్యి."

తెల్లవారుజామున ఎడ్లబండి ఎక్కితే రేగోడ్ చేరేసరికి పొద్దు వాలింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వాకిట్లో మంచం. ఇంటి మీదుగా తిరిగి వెళ్తే పరస్థానం చెడుతుందట. అందువల్ల మరునాడు బండి మీదే జోగిపేట చేరి సత్రంలో పడుకున్నాం. మూడోనాడు ఏడింటికి హైదరాబాద్ బస్సు. విమానం రెండింటికి.

దారిలో సిపాయిలు బస్సు ఆపారు. మూట విప్పితే నల్లటి ముద్ద. ఇంటింటా తుపాకులు వెతుకుతున్న కాలం. సిపాయి రెండడుగులు వెనక్కి వేశాడు. బస్సంతా నా వైపు చూసింది. ఇక్కడ ఆపేస్తే కాన్పు నాటికి సుశీల పక్కన తల్లి ఉండదు. అత్త ముద్దలోంచి గోలీ అంత తీసి తాను మింగి, ఇంకో గోలీ సిపాయి చేతిలో పెట్టింది.

"జర నోట్లేస్కో బిడ్డా. గిది బాంబు గాదు, కాయం."

అతనికి తెలుగు రాదు. మిరియాల ఘాటు మాత్రం అర్థమైంది. కళ్లు తుడుచుకుంటూ పొమ్మని చెయ్యి ఊపాడు. వెనక సీటు ముసలాయన మెల్లగా ముందుకు వంగాడు.

"అమ్మా, నాక్గూడ జరంత పెట్టు. మోకాళ్లు మస్తు గుంజుతున్నయి."

బేగంపేటలో ముందు మూటను తూచారు, తర్వాత అత్తను.

"నన్నెందుకు తూస్తుండ్రు? అమ్మకానికొచ్చిన్నా?"

ఇంజను మోత మొదలవగానే అత్త ఆగింది. "మొన్నటిదాంక గీ చప్పుడింటే చెట్ల కింద దూరితిమి. ఇయ్యాల టికెట్ కొని దాని కడుపులకే పోవడితిమి," అని మూట చంకలో పెట్టుకుని మెట్లెక్కేసింది.

మరునాడు తిరుగు రైల్లో ఎదుటి మనిషి అడిగాడు: "బొంబాయికి విమానంల ఎంతసేపు?"

"మూడు గంటలు. మెదక్ నుంచి బేగంపేటకు మూడు రోజులు."

"మెదక్ గంత దూరమా?"

"చుట్టాలను బట్టి ఉంటది."

అక్కన్నపేటలో దిగి, బస్సు పట్టుకుని ఇల్లు చేరేసరికి మామ గుమ్మంలో టెలిగ్రాంతో నిలబడి ఉన్నాడు.

"మీ అత్త చేరింది. ఎన్కనే మనుమరాలు గూడ చేరింది. తల్లీబిడ్డా మంచిగున్నరట."

ఈ మొత్తం వ్యవహారంలో ఎటూ తిరగకుండా తిన్నగా వచ్చింది ఆ పిల్ల ఒక్కతే. సుశీలను అడిగితే ఒప్పుకోదనుకుంటాను.