నల్లి బొక్క

మా అత్తగారింట్లో మటన్ వండితే నల్లి బొక్క, అదే మూలుగుండే ఎముక, ముందు పెద్దల్లుడి కంచంలో పడాలి. ఆ పెద్దల్లుణ్ని నేనే. పదకొండేళ్లు ఆ బొక్క నాది. దాన్ని కంచానికేసి కొట్టి మూలుగ లాగి తినేటప్పుడు ఉన్న దర్జా నాకు ఇంకెక్కడా లేదు. కిందటేడు దసరా నాడు మాత్రం మా అత్త గరిటె పట్టుకుని నన్ను దాటిపోయి, మా తోడల్లుడి ముందు ఆగింది.

"చిన్నల్లుడు మేనేజర్ అయిండు గదా, ఇయ్యాల ఆయనకే," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల కుతకుతలాడిపోయాను.

నేనప్పుడు జిన్నారం దగ్గర ఒక మందుల కంపెనీలో సెంట్రిఫ్యూజ్ నడిపేవాణ్ని. తడి సరుకును గిర్రున తిప్పి పిండేసే యంత్రం అది. లోపల సరుకు ఒక పక్కకు జరిగితే చప్పుడు మారుతుంది. మీటరు చెప్పేలోపే నా చెవికి తెలిసేది. బిహార్ నుంచి వచ్చిన ఆపరేటర్లు మీటరు వంక కాదు, నా మొహం వంక చూసి మిషన్ ఆపేవాళ్లు. ఆ పని నాకిష్టమని ఎప్పుడూ అనుకోలేదు. పొద్దున లేస్తే వెళ్లేవాణ్ని, అంతే.

ఆ దసరా తర్వాత నా యూనిఫాం మీద మరకలే కనిపించసాగాయి. పటాన్‌చెరులో కంపెనీ బస్సు కోసం నిలబడి, పక్కవాళ్ల మెడల్లో కార్డులు చదివేవాణ్ని. కొన్ని నెలలకు ఇంకో కంపెనీలో రికార్డులు చూసే ఉద్యోగం దొరికింది. కుర్చీ, ఏసీ, కార్డు మీద అసిస్టెంట్ మేనేజర్ అనే మాట. రాజీనామా ఇస్తే మా షిఫ్ట్ ఇన్‌చార్జి కాగితం ముట్టుకోలేదు.

"పని నచ్చక పోతున్నవా, ఇంకెవర్నో సూసి పోతున్నవా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కాగితం ఇంకా ముందుకు తోసి సంతకం పెట్టించుకుని వచ్చాను.

కొత్త చోట నా గది గోడ అవతలే సెంట్రిఫ్యూజ్. ఒక మధ్యాహ్నం దాని చప్పుడు మారింది. పెన్ను పడేసి పరుగెత్తాను. తలుపు దగ్గర ఆపరేటర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, మీకు ఇటు పర్మిషన్ లేదు."

"సరుకు ఒక పక్కకు జరిగింది. ఆపు."

అతను మీటరు చూశాడు, నా కార్డు చూశాడు, మళ్లీ మీటరు చూశాడు. అతను ఆపేసరికి మిషన్ కింది బోల్టులు ఊగుతున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. హద్దు దాటినందుకు మాత్రం నాకు మెమో ఇచ్చారు.

మొన్నటి దసరాకు నల్లి బొక్క మళ్లీ నా కంచంలో పడింది. "ఇగ ఇద్దరూ మేనేజర్లే, పెద్దాయనకే ముందు," అంది మా అత్త. నేను దాన్ని కొట్టలేదు, ఒక పక్కకు జరిపాను.

చేతులు కడుక్కునే దగ్గర తోడల్లుడు నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నా, ఈ మేనేజర్ పని నాతోని అయితలేదు. పొద్దున లేస్తే భయమైతుంది. మిషన్ మీద ఉన్నన్ని రోజులు నువ్వెంత నిమ్మళంగ ఉంటుంటివి, నిన్ను సూసి కుళ్లుకునేటోణ్ని. మీ పాత కంపెనీల నీ జాగ ఇంకా ఖాళీ ఉందా?"

"లేదు," అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"నిన్ననే ఫోన్ చేసి అడిగిన," అన్నాను, "నాకోసం."