అరిగిన బ్రష్షులు

మేడ్చల్‌లో మా ఇంటి పైగదిలో అద్దెకున్న టీచరమ్మకు గుజరాత్‌లోని కచ్ నుంచి తెచ్చిన సున్నపురాళ్లే లోకం. ఆమెను చూడవచ్చినవాళ్లు ఎవరూ లేరు, నేనూ అడగలేదు. ఆదివారమైతే మెట్ల మీద కూర్చుని, నానబెట్టిన రాతిముక్కను బ్రష్షుతో నిమిరినట్టు తోమేది. అది కొత్త బ్రష్షని చూసి నాకు ఒళ్లు మండింది.

"పండ్లు తోమేదాన్ని రాయికి పెడ్తవా? నా పాతది దీస్కో."

"పాతదే మంచిదవ్వా. మెత్తగుంటది, గూళ్లు ఇరగవు."

అప్పటినుంచి ఇంట్లో అరిగిన బ్రష్షులన్నీ ఆమెకే.

ఒకనాడు భూతద్దంలో చూపించింది. రాయి మీద జల్లెడలాగా సన్నని గూళ్లు. ఎన్నడో సముద్రంలో ఒకదాన్నొకటి అంటుకుని బతికిన జీవాలవట. ఇంటిపేరు బ్రయోజోవా. ఒంటిగా బతకవట. పిల్లల్ని దాచుకునే అర ఎట్లా ఉందో చూసి ఏ జాతివో చెబుతారట. ఆ ముక్కలో మాత్రం ఆ అరలే విరిగిపోయాయి.

"గన్ని దినాలు సూసినవ్, ఏదో ఒక పేరు పెట్టరాదు?" అన్నాను.

"తప్పు పేరు పెడితే పరాయోళ్లల్ల గలుస్తది. దాని సొంతోళ్లు ఇగ దొరకరవ్వా."

దాన్ని దూదిలో చుట్టి వేరే డబ్బీలో పెట్టింది. ఆ డబ్బీలో అదొక్కటే.

నిరుడు కొలువు మారి వెళ్లిపోతూ ఆ డబ్బీని చేతిసంచిలో పెట్టుకుంది.

"దొరికిందా పేరు?"

"ఇంకా లేదవ్వా."

ఇప్పుడు పైగదిలో వేరేవాళ్లున్నారు. మొన్న కోడలు కిటికీలో పేరుకున్న పాత బ్రష్షులు పారేయబోయింది.

"ఉండనియ్యి," అన్నాను. "ఇప్పుడే మెత్తగైనయ్."