మా షెడ్డు కాటా చెప్పిన బరువు

మా రొయ్యల షెడ్డులోని కాటా కిలోన్నర తక్కువ చూపిస్తుందని నాకు తెలుసు. తెలిసీ దాని మీద నా స్నేహితుణ్ణి నిలబెట్టాను. తర్వాత మాస్టారు అడిగితే, కాటా సరైనదేనన్నాను. ఇరవై ఏళ్లకు పైగా నేను ఎవరికీ చెప్పని సంగతి ఇదే.

నా స్నేహితుడి జీవితం మీద వచ్చిన సినిమా చాలామంది చూసే ఉంటారు. నాగాయలంకలో వేట మీద బతికే ఇంటి నుంచి వచ్చిన బక్కపలచటి బాక్సర్ కథ. నమ్మిన గురువే మోసం చేస్తే, ఒంటరిగా సాధన చేసి మరుసటి ఏడాది గెలుస్తాడు. అందులో పోటీకి ముందు గురువు శిష్యుడికి కొసరి కొసరి బిరియానీ తినిపిస్తాడు. శిష్యుడు బరువు మించిపోయాక, వాడి స్థానంలో తన వీధి కుర్రాణ్ణి దింపుతాడు. ఆ సీనుకి హాల్లో జనం గురువుని బూతులు తిట్టారు. నేను కదలకుండా కూర్చున్నాను.

ఆ గురువు మా మాస్టారు. సినిమాలో ఆయన ఊరి పేరు, ఆయన పేరు మార్చారు కానీ ఆయన సైకిల్ షాపు మార్చలేదు. బందరులో ఆయన్ని గుర్తుపట్టడానికి అది చాలు. షాపు ముందు ఆగి, "ఏం మాస్టారూ, బిరియానీ ఉందా?" అని అరిచి పోయేవాళ్లు తయారయ్యారు. ఆయన మనవడు బడి మారాల్సి వచ్చింది.

జరిగింది ఇది. మేమిద్దరం బందరు కాలేజీలో చదువుతూ, సాయంత్రాలు ఆయన షాపు వెనక గోడౌన్‌లో బాక్సింగ్ నేర్చుకునేవాళ్లం. ఇసుక నింపిన గోనెసంచీ, అతుకులు వేసిన రెండు జతల గ్లౌజులు, అంతే. నేను వాడికి దెబ్బలు కాచుకోవడం అలవాటు చేయడానికి పనికొచ్చేవాణ్ణి. మాస్టారు నన్ను రొయ్యలబాబూ అని పిలిచేవారు.

జిల్లా పోటీలు గుడివాడలో. మావాడిది నలభై ఎనిమిది కిలోల విభాగం. సరిగ్గా వారం ముందు వాళ్ల నాన్నకి జ్వరం వచ్చి, పడవ మీదికి మనిషి లేక వాడు ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. నాదీ ఆ ఊరే కాబట్టి నన్నూ వెంట పంపారు మాస్టారు.

"రోజూ పొద్దున్నే వీణ్ణి మీ కాటా ఎక్కించి బరువెంతో ఫోన్ చెయ్యి. దాన్నిబట్టి తిండి చెప్తాను," అన్నారు.

మా నాన్న ఆ కాటా కడ్డీ వెనక సీసం ముక్క కరిగించి అతికించాడు. ఎంత సరుకు పెట్టినా కిలోన్నర మింగేస్తుంది. ఫోన్‌లో ఆ కిలోన్నర కలిపి చెబితే సరిపోయేది. కానీ కాటా ఎక్కినవాడికి కడ్డీ మీద అంకె కనిపిస్తూనే ఉంది. ఫోన్ చేసేటప్పుడూ పక్కనే నిలబడేవాడు. పైగా వాళ్ల నాన్న తెచ్చే సరుకు తూచేదీ ఆ కాటా మీదే. ఒక్క అంకె మారిస్తే మొత్తం బయటపడుతుంది.

"నలభై ఆరున్నర మాస్టారూ."

"అంతేనా! మరీ ఎండగట్టకండ్రా వాణ్ణి. కడుపునిండా అన్నం తినమను."

వాడు తిన్నాడు. బిరియానీ కాదు, వాళ్లమ్మ వండిన చేపల పులుసు. చివరి రోజు మా కాటా నలభై ఏడున్నర చూపించింది. గుడివాడ కాటా నలభై తొమ్మిది చూపించింది. గంట టైమిస్తే, ఎండలో రెండు స్వెట్టర్లు వేసుకుని మైదానం చుట్టూ పరిగెత్తాడు. అయినా అరకిలో మిగిలింది. మాస్టారు నా భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్లారు.

"నిజం చెప్పు. మీ కాటా కరెక్టేనా?"

"కరెక్టే మాస్టారూ."

రిజర్వుగా వచ్చిన మాస్టారి వీధి కుర్రాడు బరిలోకి దిగాడు. "కావాలనే తినమన్నాడు," అని నా స్నేహితుడు ఆ మైదానంలోనే అన్నాడు. నేను కాదనలేదు. వాడు మళ్లీ ఆ గోడౌన్ మెట్లెక్కలేదు.

ఈ మధ్య ఆ సినిమా వెనక ఉన్న అసలు మనుషుల మీద డాక్యుమెంటరీ తీస్తున్న అమ్మాయి మా ఊరొచ్చింది. మాస్టారిని ముందే కలిసిందట. "వాడు గెలిచాడుగా, చాలు," అని తప్ప ఆయన ఇంకేమీ చెప్పలేదట.

"బిరియానీ తినిపించడం మీరు చూశారా సార్?" అంది.

అబద్ధం మళ్లీ నా నోటి దాకా వచ్చింది. ఈసారి మింగేశాను.

"కెమెరా షెడ్డులోకి తీసుకురామ్మా," అన్నాను.

నాన్న పోయాక ఆ కాటా మూలన పడి ఉంది. తుడిచి, ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా తెప్పించి దాని మీద పెట్టాను. ఇరవై మూడున్నర దగ్గర కడ్డీ నిలిచింది. కడ్డీ తిప్పి సీసం చూపించాను. నాన్న పేరూ, నా పేరూ చెప్పి, ఎవరు ఏం చేశామో మొత్తం చెప్పాను. షెడ్డు ముందు గుమిగూడినవాళ్లలో ఒకప్పుడు మాకు సరుకమ్మిన ముసలాళ్లూ ఉన్నారు. వాళ్ల ముందే చెప్పాను.

తర్వాత నా స్నేహితుడికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"అంటే మా నాన్న సరుకు కూడా..."

"అవున్రా."

"ఆ సంగతి తర్వాత తేలుద్దాం, నిన్ను వదిలిపెట్టను," అన్నాడు. "బందరు బస్టాండులో మాస్టారు నన్ను చూసి నవ్వితే మొహం తిప్పుకుని పోయాన్రా నేను. ముందు నువ్వెళ్లు. వెనకే నేనొస్తా."

ఆ అమ్మాయి కెమెరాతో వస్తానంది. వద్దన్నాను.

మాస్టారు షాపు ముందు ముక్కాలిపీట మీద కూర్చుని సైకిల్ చక్రం వంకర తీస్తున్నారు. ఎదురుగా టీ కొట్టు నిండా జనం.

"ఏరా రొయ్యలబాబూ, గాలి కొట్టాలా?"

"కాదు మాస్టారూ. ఆ రోజు గుడివాడలో మీరడిగితే నేను అబద్ధమాడాను. కాటా తప్పని నాకు ముందే తెలుసు."

చక్రం ఆపలేదు. నా వైపు చూడలేదు.

"నాకు సరిగా వినపడదురా ఈమధ్య. గట్టిగా చెప్పు."

ఆయన చెవులకేమీ కాలేదని నాకు తెలుసు. టీ కొట్టు వైపు తిరిగి, గొంతు పెంచాను.

"మాస్టారు ఎవరినీ మోసం చేయలేదండీ! తప్పుడు బరువు చెప్పింది నేను. నింద ఆయన మీద పడితే ఇన్నేళ్లూ నోరు మూసుకున్నదీ నేనే. నన్ను క్షమించండి మాస్టారూ."