గవ్వ కాలి తాయత్తు

ఆ, కుక్క తాండూరులో రైలు దిగిన దగ్గర ఆపాం కదా! అయ్యో, అసలది రైలెందుకు ఎక్కిందో చెప్పనే లేదు. ఇదీ నా వరస. ఉండండి, మొదటినుంచి వస్తాను. మన వీధి చివర, బండల షెడ్డు పక్కన ఒక్కడే ఉంటాడే బాలప్ప, ఆయన కథ ఇది. ఆయనదీ, ఆయన కుక్కదీ.

బాలప్ప ఇక్కడే, తాండూరులో బండలు తీసేవాళ్ల ఇంట పుట్టాడు. పోలీసు యాక్షన్ అయిన ఏడు ఆయనకు ఇరవై. ఆ మరుసటి ఎండాకాలం గనిలో బండ జారి ఎడమచేతి రెండు వేళ్లు తీసుకుపోయింది. కట్టు కట్టించుకోవడానికి వికారాబాదులో ఒక దవాఖానాకు పోయినవాడు అక్కడే నౌకరుగా నిలిచిపోయాడు. పెళ్లయింది. మూడో ఏడు కాన్పులో తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. ఆ తర్వాత రైలు పట్టాల పక్కన ఒక గది, ఒక పొయ్యి, ఒక మనిషి.

"ఒక్కనికి చారు కాచుడు మస్తు కష్టం సారూ. ఎంత తక్కువ కాచినా మిగులుతది" అనేవాడు.

ఆ మిగిలిన చారన్నానికే ఒక ఆడ కుక్కపిల్ల వచ్చింది. నల్లటి ఒళ్లు, నుదుటి మీద గవ్వంత తెల్లమచ్చ. పేరు కోసం పెద్దగా వెతుక్కోలేదు. గవ్వ అన్నాడు. పొద్దున దవాఖానా గేటు దాకా వెంట వచ్చేది, సాయంత్రం అదే గేటు దగ్గర కూర్చునేది. ఇంట్లో నోరు తెరిచి ఒక మాట అనడానికి ఆయనకు ఒక చెవి దొరికింది. కూర ఉడికిందా లేదా అన్నది కూడా దాన్నే అడిగేవాడు.

యాభై ఏడులో దవాఖానాకు కరెంటు కాపడం పెట్టె వచ్చింది. పెద్ద సందూకంత ఉంటుంది, దానికి రెండు వైర్లు, వైర్ల చివర రెండు రబ్బరు పలకలు. మోకాలికి అటొకటి ఇటొకటి పెడితే తోలు చల్లగానే ఉంటుంది, లోపల కండ మాత్రం వెచ్చబడుతుంది. ఆ పని చూసే డాక్టరు మనోరమ.

"రేడియోకు పాట మోసుకొచ్చే అలలున్నాయి చూడు బాలప్పా, ఇవీ అలాంటివే. పాటకు బదులు వేడిని మోస్తాయి" అని చెప్పింది.

బాలప్ప నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? పెట్టె నడిచినప్పుడల్లా గోడకవతల పెద్ద డాక్టరు గారి రేడియో గుర్రుమనేది!

బాలప్ప పని ఒకటే. పలకలు పెట్టేముందు రోగి ఒంటి మీది లోహమంతా తీయించాలి. లేకపోతే వేడి అక్కడ చేరి తోలు కాలుతుంది. అది తేలికైన పనా? చీలమండ నొప్పితో వచ్చిన కొండమ్మ కాళ్లు దగ్గరికి ముడుచుకుంది.

"నా మొగడు గట్టిగున్నడు. నేను మెట్టెలు తీస్తనా? నీ పెట్టె పాడుగాను!"

"తియ్యవ్వా, పది నిమిషాలే. అందాక నీ మొగనికి నేను జమానత్, పూచీ నాది."

"నువ్వు జమానతా? నీ పెండ్లాన్నే కాపాడుకోకపోతివి" అనేసింది కొండమ్మ. అని, నాలిక కరుచుకుని, గబగబా తనే మెట్టెలు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆ పది నిమిషాలూ బాలప్ప వాటిని గుప్పిట్లోనే పట్టుకున్నాడు. బల్ల మీద పెట్టలేదు. అప్పటినుంచి ఎవరివైనా అంతే, గుప్పిట్లోనే.

మరుసటి ఏడు వానాకాలంలో స్టేషను దగ్గర బండలు మోసే బండి గవ్వ నడుం మీదుగా పోయింది. ప్రాణం నిలిచింది కానీ వెనక కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. పసుల దవాఖానాలో, "నరం దెబ్బతిన్నది, ఇగ లేవదు. పరేషాన్ గాకు, ఇంకో కుక్కను తెచ్చుకో" అన్నారు. బాలప్ప దాన్ని గోనెసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. సాయంత్రం గేటు దగ్గర ఎవరూ లేరు. మర్నాడూ లేరు. పది రోజులు ఓర్చుకుని, పదకొండో రోజు అడిగేశాడు.

"డాక్టరమ్మా, గా పెట్టె కుక్కకు పెట్టరాదా?"

మనోరమ తలుపు దగ్గరికి వేసింది. "ఆదివారం మధ్యాహ్నం రోగులుండరు. సన్న వేడి, ఎనిమిది నిమిషాలు. మనిషైతే కాలుతోందని చెప్తాడు, అది చెప్పలేదు. నీ చూపు దాని ముఖం మీదే ఉండాలి. తర్వాత కడుపు కింద తువ్వాల వేసి పైకెత్తి, అడుగులు వేయించు."

మొదటి ఆదివారం ఏమీ లేదు. రెండోది అంతే. మూడో ఆదివారం తువ్వాలలో వేలాడుతూ గవ్వ తోక ఆడించింది, ఎడమ కాలు నేలను ఒక్కసారి నెట్టింది. బాలప్పకు చెప్పుకోవడానికి ఎవరూ లేక ఆ సంగతి గవ్వకే చెప్పాడు. "నీ కాలు కదిలింది, ఎరుకేనా?"

సంతోషంతో పాటు భయం వచ్చింది. ఉన్నది ఇదొక్కటే, దీనికి ఎవరి దిష్టి తగులుతుందో! శుక్రవారం సెలవడిగి, తాండూరు వచ్చి, దర్గాలో రాగి తాయత్తు తీసుకుని, నల్లదారంతో గవ్వ ఎడమ తొడకు బొచ్చు లోపలగా కట్టాడు.

నాలుగో ఆదివారం. గవ్వ మెడ గంట తీశాడు. తన వేలి ఉంగరం తీశాడు. రెండూ గుప్పిట్లో పట్టుకున్నాడు. ఏడాదిగా వచ్చినవాళ్లందరి తాయత్తులూ తన చేత్తో విప్పించిన మనిషే! కానీ ఆ తాయత్తు ఆయన కళ్లకు రాగి కాదు, మొక్కు. మొక్కును ఎవరైనా లోహం కింద లెక్క వేస్తారా?

మూడు నిమిషాలకు గవ్వ మూలిగింది. ముఖమే చూస్తున్నాడాయన, నొప్పి మామూలే అనుకున్నాడు. నాలుగో నిమిషానికి బొచ్చు కాలిన వాసన. పలక లాగేలోపే గవ్వ ఆయన చేతిని కరిచి, కింద పడి, పాక్కుంటూ బల్ల కింద దూరింది. సరిగ్గా అప్పుడే గేటు కాపలా యాదగిరి తలుపు తోశాడు.

"పెద్ద డాక్టరు రేడియో గుర్రుమంటుందట. ఆదివారం ఎవలికి పెట్టినవ్? ఓరి నీ... పెట్టె కుక్కను కాల్చిందా!"

"కాదు" అనలేకపోయాడు. తాయత్తు సంగతి నోట రాలేదు. నౌకరీ పోతుందని కాదు. తన చేత్తోనే కట్టానని పైకి అంటే అది నిజమైపోతుందని. సోమవారం పొద్దున గవ్వను గోనెలో వేసుకుని తాండూరు రైలెక్కాడు. డాక్టరమ్మకు చెప్పలేదు. మళ్లీ పోలేదు.

ఇక్కడ మళ్లీ బండలే. గనివాళ్లకొక అలవాటుంది. పొద్దు గూకే వేళ, పగలంతా ఎండకు కాగిన బండ మీద వెల్లకిలా పడుకుంటారు, నడుం నొప్పి తీస్తుందని. బాలప్ప గవ్వను ఆ బండ మీద పడుకోబెట్టాడు. చెయ్యి దగ్గరికి తెస్తే గుర్రుమనేది, అందుకని గోనె పట్టి ఈడ్చేవాడు. ఆయన పక్క బండ మీద పడుకునేవాడు. రోజూ అంతే, నెలల తరబడి. కాలిన చోట బొచ్చు రాలేదు గాని, ఏడాది తిరిగేసరికి గవ్వ లేచింది. నాలుగు కాళ్ల మీద, కొంచెం పక్కకు ఒరిగి, నడిచింది.

నడిచింది గాని దగ్గరికి రాలేదు! అన్నం పెడితే, ఆయన లేచిపోయాకే తింటుంది. వెంట వస్తుంది, పది అడుగులు వెనక. ఆరేళ్లుగా ఇదే వరస. మీరూ చూసే ఉంటారు, సాయంత్రం రెండు బండలు, ఒకదాని మీద మనిషి, ఒకదాని మీద కుక్క. అక్కడ మాత్రం నడుమ ఒక చెయ్యి పట్టేంత జాగా. ఆ జాగా దాటి ఆయన చెయ్యి ఎన్నడూ పోలేదు.

మొన్న సంతలో కందులు అమ్ముకోవడానికి వచ్చిన కొండమ్మ ఆయన్ను గుర్తుపట్టింది.

"బాలప్పా, ఏడ పోయినవయ్యా? నువ్వు పోయిన్నాడే గా పెట్టెకు తాళమేసిండ్రు. కుక్కను కాల్చిందట, మనిషికెట్ల పెడ్తమని. పాపం డాక్టరమ్మ అప్పుడే తప్పు తనదే అని రాసిచ్చింది. వచ్చే నెల పింఛను మీద నౌకరీ దిగిపోతుందట. నా కాలు మళ్లా గట్లనే ఉన్నది."

నిన్న సాయంత్రం ఆయన మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. గవ్వ పది అడుగుల అవతల ఆగింది.

"సారూ, ఫోనుల మాట్లాడుడు నాతోని గాదు. డాక్టరమ్మకు మీరు జర చెప్పున్రి. పెట్టెది తప్పు గాదు, ఆమెది గాదు. తాయత్తు నేను కట్టిన. ఇంకోటి..." కుక్క వైపు చూశాడు. "మూడో ఆదివారమే కాలు నెట్టింది, పెట్టె మంచిదే అని చెప్పున్రి. గవ్వ నడుస్తున్నదని చెప్పున్రి."

"నీ దగ్గరికి రాదని చెప్పనా?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా!

"అది ఆమెకెందుకు సారూ" అన్నాడు.

ఆమె వికారాబాదులో ఉండేది ఇంకా ఇరవై రోజులే. రేపు పొద్దున తపాలా ఆఫీసు తెరవగానే ట్రంకాల్ బుక్ చేస్తాను. లైను కలిసేదాకా బాలప్ప నా పక్కన బెంచీ మీద కూర్చుంటానన్నాడు. గవ్వ గుమ్మం బయట కూర్చుంటుంది.